కూతకెళ్లినవాడి కళ్లు ఎక్కడున్నాయి?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. ఊళ్లో పన్నెండు మంది కుర్రాళ్లకు నాలుగేళ్లుగా కబడ్డీ నేర్పుతున్నాను. అందరూ 16 నుంచి 19 ఏళ్ల లోపువాళ్లే. ఒంట్లో సత్తువుంది, పరుగుంది, పట్టుంది. అయినా ఆఖరి ఐదు నిమిషాల్లో చేతికొచ్చిన ఆట జారవిడుచుకుంటున్నారు. వద్దన్న వైపే కూతకెళ్తారు, ఆగాల్సిన చోట ముందే దూకేస్తారు. ఈమధ్య ఒకాయన వచ్చి, మెదడుకు శిక్షణ ఇస్తుందంటూ లైట్ల కిట్టు, దానికో ఫోన్ యాప్ చూపించాడు. 38 వేలట. జీడిపిక్కలు అమ్మిన డబ్బుల్లోంచి తలా కాస్త వేసుకుని కొందామని తల్లిదండ్రులు అంటున్నారు. కొనమంటారా? మా జట్టులో ఒక అబ్బాయికి మొన్నటి పోటీల్లో ఎదుటివాడి మోకాలు తలకు తగిలింది. మూడు వారాలైంది, అప్పట్నుంచీ మందంగా ఉంటున్నాడు. ఈ యాప్‌తో వాడికి చురుకుదనం వస్తుందా? విజయనగరం వైపు వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటున్న మా మేనకోడలికి కూడా ఇలాంటిది పనికొస్తుందా?
— ఒక కబడ్డీ కోచ్, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: మాస్టారూ, ముందు ఆ అబ్బాయి సంగతి చూడండి. మీరడిగిన మిగతావన్నీ నెల ఆగినా ఫర్వాలేదు, ఇది మాత్రం ఆగదు.

తలకు దెబ్బ తగిలాక మనిషి మందంగా మారడం బద్ధకం కాదు, శ్రద్ధ తగ్గడమూ కాదు. మెదడు కుదుపుకు లోనైందేమోనని అనుమానించాల్సిన లక్షణం. దీన్ని కంకషన్ అంటారు. స్పృహ తప్పకపోయినా కంకషన్ అవుతుంది. స్కానింగ్‌లో ఏమీ కనబడకపోయినా అయి ఉండవచ్చు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అడగండి: తలనొప్పి ఉందా, వెలుతురు చూస్తే చికాకుగా ఉందా, నిద్ర మారిందా, చదివింది గుర్తుంటోందా, ఊరికే కోపం వస్తోందా అని. జట్టులో చోటు పోతుందన్న భయంతో కుర్రాళ్లు ఇవి దాచేస్తారు. అందుకే ఇంట్లో అమ్మనూ అడగాలి. మూడు వారాలైనా తేరుకోలేదంటే శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రిలోనో మరోచోటో మెదడు, నరాల డాక్టరుకు చూపించాల్సిందే. తలనొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, వాంతులు అవుతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా, చెయ్యో కాలో పట్టు తప్పుతున్నా, మూర్ఛ వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.

అప్పటిదాకా వాడు మైదానానికి రావచ్చు, స్కోరు రాయవచ్చు. కూతకు మాత్రం వెళ్లకూడదు, పట్టులో దిగకూడదు. మొదటి కుదుపు మానకముందే రెండోది తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. ఈ వయసు పిల్లల్లో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. యాప్ ఆటలు దీనికి మందు కాదు, తలనొప్పి ఉన్నవాడికి ఫోన్ తెర ఇంకా ఇబ్బంది. డాక్టరు సరేనన్నాక కూడా మెట్టుమెట్టుగా తీసుకురండి. ముందు నడక, తర్వాత తేలికపాటి పరుగు, ఆపైన ఒంటరిగా ఫుట్‌వర్క్, ఆపైన ఎవరూ మీద పడని డ్రిల్లు. ఆ తర్వాత డాక్టరు మళ్లీ ఒప్పుకుంటేనే పట్టుతో ప్రాక్టీసు, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టు దగ్గర కనీసం ఒక రోజు ఆగాలి. తలనొప్పి తిరగబెడితే కింది మెట్టుకు దిగాలి.

ఇక 38 వేల సంగతి. కొనకండి.

ఆ కిట్టు పనిచేయదని నేననడం లేదు. తను నేర్పేది అది బాగానే నేర్పుతుంది. వెలిగిన లైటును చేత్తో తట్టడం నెల రోజుల్లో మీ కుర్రాళ్లకు బ్రహ్మాండంగా వచ్చేస్తుంది, తెర మీద అంకెలు మెరుగవుతాయి, అందరికీ ఉత్సాహం వస్తుంది. చిక్కు ఎక్కడంటే, లైటు తట్టడంలో వచ్చిన వేగం కార్నర్‌లో, అంటే పట్టువాళ్ల వరుస చివర నిలబడినవాడికి పట్టులోకి రాదు. మెదడు ఆటల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ 2016లో కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒకచోట చేర్చి జల్లెడ పట్టారు. ఏ ఆట ఆడితే ఆ ఆటలో మెరుగుపడటం నిజమేనని, అక్కడి నుంచి దూరంగా ఉన్న పనులకు ఆ మెరుగు పాకుతుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. అదే ఏడాది అమెరికాలో ఒక పేరున్న మెదడు ఆటల కంపెనీ, ప్రకటనల్లో అతిగా చెప్పినందుకు అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 20 లక్షల డాలర్లకు రాజీపడాల్సి వచ్చింది.

ఇలా ఎందుకవుతుందో చదరంగం దగ్గర చూస్తే తెలుస్తుంది. 1973లో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు నిజమైన ఆటలోని ఒక స్థితిని ఐదు సెకన్లు చూపించి, పావుల్ని మళ్లీ పేర్చమన్నారు. ఆరితేరిన ఆటగాడు దాదాపు అంతా పేర్చాడు, కొత్తవాడు కొన్నే పేర్చాడు. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపిస్తే ఆ తేడా దాదాపు పోయింది. అంటే ఆరితేరినవాడి జ్ఞాపకశక్తి పెద్దదేం కాదు. ఆటలో మాటిమాటికీ వచ్చే పొందికల్ని వాడు గుర్తుపడుతున్నాడు. మంచి కార్నర్ ఆటగాడూ అంతే. రైడర్ (కూతకొచ్చినవాడు) నడుం ఎటు దిగిందో, కవర్ (వరుస లోపలివైపు నిలబడేవాడు) ఎంత దూరంలో ఉన్నాడో ఆ పొందిక వాడికి తెలుసు. లైటుకు నడుం లేదు, లైటు మోసం చేయదు.

నమ్మకం కుదరకపోతే పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. 30 సెంటీమీటర్ల స్కేలు నిలువుగా పట్టుకుని, సున్నా గీత దగ్గర కుర్రాడి బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచమని, చెప్పకుండా వదలండి. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే స్పందనకు సుమారు 0.175 సెకన్లు పట్టినట్టు, 20 దగ్గరైతే 0.2 సెకన్లు, 25 దగ్గరైతే 0.226. ఒక్కొక్కరికీ పదిసార్లు వదిలి మధ్యలో పడే అంకె రాసుకోండి. అందరూ దగ్గర దగ్గరగానే ఉంటారు. మీ మేటి రైడర్‌కే మంచి అంకె వస్తుందన్న గ్యారంటీ లేదు. చూశాక కదలడానికి పట్టే సమయాన్ని పెద్దగా తగ్గించలేం. ముందే చూసేలా మాత్రం నేర్పగలం. మీరు పని చేయాల్సింది అక్కడే.

అయితే ఏది నేర్పాలో తెలియాలంటే ఆఖరి ఐదు నిమిషాల్లో తప్పుతున్నదేమిటో తేల్చుకోవాలి. 'బుర్ర పనిచేయట్లేదు' అన్న మాటలో మూడు వేర్వేరు జబ్బులున్నాయి, మూడింటికీ మందులు వేరు. ఫోన్ స్టాండు ఒకటి కొనండి, లేదంటే వెదురుగడకు ఫోన్ కట్టి చివరి గీత వెనక రెండు మీటర్ల ఎత్తులో నిలబెట్టండి. నాలుగు మ్యాచ్‌ల చివరి ఐదు నిమిషాలు తీయండి. తప్పుపోయిన ప్రతి కూత దగ్గర, వీడియో చూపించకముందే ఆ కుర్రాణ్ణి అడగండి: 'నువ్వు బాల్క్ లైన్ (కూతకెళ్లినవాడు తప్పక దాటాల్సిన గీత) దాటినప్పుడు ఎవరెవరు ఎక్కడున్నారు?' జవాబు చెప్పలేకపోతే వాడు చూడలేదు. ఎవరెక్కడున్నారో సరిగ్గా చెప్పి, ఆ పని ఎందుకు చేశాడో చెప్పలేకపోతే చూశాడు కానీ ఎంచుకోవడంలో తప్పాడు. చూసి, సరైనదే ఎంచుకుని దొరికిపోతే అది ఒంటి సమస్య: కాలు అందలేదు, ఊపిరి చాలలేదు, పట్టు వదిలించుకోలేకపోయాడు. నోటుబుక్కులో చూపు, ఎంపిక, ఒళ్లు అని మూడు గళ్లు గీసి గీతలు పెట్టుకుంటూ పోండి. మూడో గడి నిండితే ఈ ఉత్తరం ఇక్కడితో మడిచిపెట్టి పరుగూ బరువులూ చూసుకోండి. మీరు రాసిన తీరు చూస్తే మొదటి రెండు గళ్లే నిండుతాయనిపిస్తోంది.

చూపు గురించి ముందు పట్టు పట్టేవాళ్ల దగ్గర మొదలుపెడదాం, తప్పు తేలిగ్గా కనిపించేది అక్కడే. 'ముందే దూకేస్తారు' అన్నారు. దాదాపు ఎప్పుడూ దానికి కారణం కళ్లు రైడర్ చేతుల మీదో పాదాల మీదో ఉండటం. చెయ్యీ పాదమూ అబద్ధం ఆడటానికే ఉన్నాయి, తేలిగ్గా ఊపవచ్చు. ఒంటి బరువు మోసేది నడుము. టో టచ్‌కైనా సైడ్ కిక్‌కైనా కాలు లేవాలంటే బరువంతా రెండో కాలి మీదికి వెళ్లాలి. నిలబడే కాలి మోకాలు కాస్త వంగుతుంది, నడుం ఆ వైపు దిగుతుంది. ఉత్తుత్తి కిక్కులో కాలు కదులుతుంది కానీ బరువు మధ్యలోనే ఉండిపోతుంది. ఈ తేడా పట్టుకున్నవాడికి రెప్పపాటు లాభం వస్తుంది, కబడ్డీలో రెప్పపాటంటే యాంకిల్ హోల్డ్ (చీలమండ పట్టు) దొరకడానికీ ఖాళీ గాలి పట్టుకోవడానికీ మధ్య ఉన్న తేడా.

దీన్ని ఇలా నేర్పండి. రైడర్ నడుముకు తెల్ల తువ్వాలు బిగించి కట్టండి, చూపు నిలపడానికి అదే గుర్తు. ఎదుట ఒక్క కార్నర్ ఆటగాణ్ణి నిలబెట్టండి. మీరు వాడి వెనక నిలబడి రైడర్‌కు మాత్రమే కనిపించేలా వేలు చూపండి: ఒక వేలంటే నిజం కిక్కు, రెండంటే ఉత్తుత్తిది. పది కిక్కుల్లో ఐదు నిజం, ఐదు అబద్ధం, వరస కలిపేయండి. కార్నర్ నిజానికే అడుగు లోపలికి వేయాలి, అబద్ధానికి కదలకూడదు. ఇక్కడ చాలామంది కోచ్‌లు ఒక పొరపాటు చేస్తారు, పట్టినవాటినే లెక్కపెడతారు. అలా లెక్కిస్తే పదిసార్లూ దూకేవాడికి ఐదుకు ఐదూ వచ్చేస్తాయి, దూకడమే అలవాటవుతుంది. నిజాన్ని వదిలేసినవి ఒక గడిలో, అబద్ధానికి దూకినవి ఇంకో గడిలో రాయండి. మొదటి గడి నిండినవాడు బెదురుతున్నాడు, రెండోది నిండినవాడు ఆత్రపడుతున్నాడు. ఇద్దరికీ ఒకే తిట్టు పనిచేయదు. పది కిక్కులకోసారి రైడర్‌ను మార్చండి. అలసినవాడి ఉత్తుత్తి కిక్కు నీరసంగా వస్తుంది, అప్పుడు గుర్తుపట్టడం నేర్పు కాదు. రెండు వారాల తర్వాత తువ్వాలు తీసేయండి, మూడో వారం నుంచి కవర్‌ను పక్కన చేర్చి ఇద్దరితో చేయించండి.

వీడియోతో చేసేది ఇంకొకటి ఉంది. బ్యాడ్మింటన్, క్రికెట్, టెన్నిస్ ఆటగాళ్ల మీద దశాబ్దాలుగా వాడిన పద్ధతి ఇది: దెబ్బ పడేముందే వీడియో ఆపేసి, ఏం జరగబోతోందో చెప్పమనడం. మీ ఫోన్‌ను కార్నర్ ఆటగాడి ఛాతీ ఎత్తులో, వాడు నిలబడే చోటే పెట్టి మీ రైడర్ల చేత కూతలు పెట్టించి తీయండి. టీవీలో వచ్చే మ్యాచ్‌లు దీనికి అంతగా పనికిరావు, పక్కనుంచీ పైనుంచీ కనిపించేది మైదానంలో ఎవరికీ కనిపించదు. నాలుగైదు సెకన్ల ముక్కలు పన్నెండు చాలు. నిలబడే కాలు నేలకు ఆనిన క్షణంలో ఆపండి. జవాబు నోటితో వద్దు, అడుగు వేసి చూపించాలి. పక్కవాణ్ణి చూసి వేయకుండా అందరినీ ఒకే వరుసలో మీకు ఎదురుగా నిలబెట్టండి. వారానికి రెండుసార్లు, పది నిమిషాలు. అవే ముక్కలు నాలుగోసారి చూపిస్తే ఆట మానేసి వీడియోనే బట్టీ పట్టేస్తారు, కనుక వారానికి సగం మార్చాలి.

రైడర్ల చూపుది వేరే జబ్బు. కార్నర్‌ను తాకాలన్న ధ్యాసలో చూపు అక్కడే అతుక్కుపోతుంది, అటు పక్కనుంచి కవర్ వచ్చి డాష్ కొడతాడు, అంటే ఒంటితో ఢీకొట్టి గీత బయటికి నెట్టేస్తాడు. 'చుట్టూ చూడరా' అని గట్టు మీంచి అరిస్తే వాడు చూడడు, అరుపు వినడంలో ఇంకో అర సెకను పోగొట్టుకుంటాడు. ఇద్దరు కవర్ ఆటగాళ్ల నడుముకూ తువ్వాలు దోపండి. కూత జరుగుతుండగా వాళ్లు తోచినప్పుడు తువ్వాలు తీసి భుజాన వేసుకుంటారు, మళ్లీ దోపుకుంటారు. రైడర్ కూత ఆపకూడదు కాబట్టి మధ్యలో చెప్పలేడు, మన వైపు తిరిగొచ్చాక ఎవరు ఎన్నిసార్లు తీశారో చెప్పాలి. మొదటి వారం ఎవరూ చెప్పలేరు, కంగారుపడకండి. ఒక మాట గట్టిగా చెప్తాను: ఏ డ్రిల్లైనా కూత పెడుతూనే చేయించండి. ప్రాక్టీసులో చాలాచోట్ల 'కబడ్డీ కబడ్డీ' వదిలేసి నోరు మూసుకుని కదులుతారు. కూత ఊపిరితోపాటు ధ్యాసలో కూడా కొంత వాటా తీసుకుంటుంది. కూత లేకుండా వచ్చిన చూపు, కూత పెట్టగానే సగం పోతుంది.

ఎంపిక దగ్గరికొద్దాం. మన ముందు దారులు పెరిగేకొద్దీ తేల్చుకోవడానికి పట్టే సమయం పెరుగుతుందని హిక్ అనే శాస్త్రవేత్త 1952లోనే చూపించాడు. ఆఖరి నిమిషాల్లో మీ రైడర్ బుర్రలో దారులెన్ని! బోనస్ (బోనస్ గీత దాటితే వచ్చే అదనపు పాయింటు) తీసుకోవాలా, కార్నర్‌ను తాకాలా, ఖాళీగా వచ్చేయాలా, ఇది మూడో కూతేనా (వరసగా రెండు ఖాళీగా పోయాక వచ్చేది, పాయింటు తేకపోతే అవుటే; దీన్నే డూ ఆర్ డై అంటారు), ఎంతసేపుంది, మాస్టారు ఏమంటున్నారు. గీత దాటాక వీటన్నిటినీ తేల్చుకోవడం ఎవరివల్లా కాదు. గీత దాటకముందే రెండే దారులు మిగలాలి. ఒకవైపు కూత ముగిశాక రెండోవైపు ఐదు సెకన్లలో కూతకు వెళ్లాలన్నది నియమం. ఆ ఐదు సెకన్లకు ఒక వరస నేర్పండి: ఊపిరి పూర్తిగా వదులు, ఎదుటివాళ్లను లెక్కపెట్టు, స్కోరు తేడా గుర్తు చేసుకో, ఇది ఎన్నో కూతో చూసుకో, ఒక్క గురి పెట్టుకో. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ దారి తెరిచి ఉంటుంది, ఐదుగురైతే ఆ దారి మర్చిపోవాలి. లెక్కపెట్టడం ఒక్కటీ అలవాటైతే ఒక దారి దానంతటదే పోతుంది. చాలామంది కుర్రాళ్లు ఐదుగురి మీదికి బోనస్ కోసం పోయి దొరికిపోవడానికి కారణం అతి తెలివి కాదు, లెక్కపెట్టకపోవడమే.

ఈ అలవాటు చేయించడానికి చీటీలు వాడండి. ఇరవై చీటీలు రాసి డబ్బాలో వేయండి. ఉదాహరణకు 'ఒక పాయింటు ముందున్నాం, 40 సెకన్లుంది, మొదటి కూత, ఎదుట ఆరుగురు'. ఇక్కడ సరైన పని బాల్క్ లైన్ దాటి, కూతకున్న 30 సెకన్లు దాదాపు పూర్తిగా వాడుకుని, క్షేమంగా తిరిగి రావడం. లైన్ దాటకుండా వస్తే అవుటవుతాడు, ఆ కంగారులో దాటడం మర్చిపోయేవాళ్లుంటారు. ఇంకో చీటీ: 'రెండు పాయింట్లు వెనక, ఒక్క నిమిషం, మూడో కూత, ఎదుట ఐదుగురు'. ఇక్కడ బోనస్ లేదు, ఖాళీగా వస్తే అవుట్, తాకక తప్పదు, కాబట్టి ఎవర్ని అన్నదొక్కటే ప్రశ్న. పట్టువాళ్లకూ చీటీలుండాలి: 'మనం ముగ్గురమే మిగిలాం, రెండు వెనక, రైడర్‌కు ఇది మూడో కూత'. వాడు రాక తప్పదు, మనవాళ్లు ఎదురెళ్లక్కర్లేదు, సూపర్ టాకిల్ (ముగ్గురో అంతకంటే తక్కువో ఉండగా రైడర్‌ను పట్టడం) దొరికితే రెండు పాయింట్లు. ఊరి పోటీల్లో డూ ఆర్ డై, సూపర్ టాకిల్ నియమాలు ఒక్కోచోట ఒక్కోలా పెడతారు. నిర్వాహకుల్ని ముందే అడిగి, ఆ నియమాల ప్రకారం చీటీలు తిరగరాయండి.

చీటీ రైడరే తీయాలి, మౌనంగా ఐదు సెకన్లు చదవాలి, వెళ్లిపోవాలి. మీరు చదివి వినిపిస్తే వాడు వినడం నేర్చుకుంటాడు, చూడటం కాదు. కూత మధ్యలో మీరు పెదవి విప్పకూడదు. ఇది మీకు కష్టం, తెలుసు. పాయింటు వచ్చిందా లేదా అన్నదానికి కాక, ఎంపిక సరైనదా కాదా అన్నదానికి మార్కు వేయండి. మంచి ఎంపిక చేసి దొరికినవాడికి మార్కు, చెడ్డ ఎంపిక చేసి అదృష్టంతో తప్పించుకున్నవాడికి సున్నా. తిరిగొచ్చాక 'ఎందుకలా చేశావ్' అనొద్దు, ఆ ప్రశ్నకు తల దించుకోవడం తప్ప జవాబు ఉండదు. 'ఏం కనిపించింది?' అని అడగండి.

ఇంకొక విషయం మిమ్మల్ని ఇబ్బంది పెట్టవచ్చు. ఒకే పట్టు ఇరవైసార్లు, తర్వాత ఇంకో పట్టు ఇరవైసార్లు చేయించే పద్ధతిలో ప్రాక్టీసు అందంగా కనిపిస్తుంది. యాంకిల్ హోల్డ్, థై హోల్డ్, బ్లాక్, డాష్ అన్నీ కలిపి ఏది ఎప్పుడొస్తుందో తెలియకుండా చేయిస్తే ప్రాక్టీసు గందరగోళంగా ఉంటుంది, తప్పులు పెరుగుతాయి. షే, మోర్గాన్ అనే ఇద్దరు 1979లో చేసిన ప్రయోగం ఈ రెండు పద్ధతులనూ పోల్చింది. నేర్చుకుంటున్నప్పుడు కలగాపులగం వాళ్లు వెనకబడ్డారు, కొన్నాళ్లాగి పరీక్షిస్తే వాళ్లకే ఎక్కువ నిలిచింది. కాబట్టి మొదటి రెండు వారాలు జట్టు దిగజారినట్టు కనిపిస్తే పాత పద్ధతికి పరుగెత్తకండి. పట్టు అసలే రాని కొత్తవాడికి మాత్రం ముందు విడివిడిగానే నేర్పాలి.

ఆఖరి ఐదు నిమిషాలే ఎందుకు? అలసట ఒళ్లొక్కటే తినదు. అయితే కొత్త విషయం అలసి ఉన్నప్పుడు నేర్పితే తప్పుగానే ఎక్కుతుంది. మొదటి రెండు వారాలు ఈ డ్రిల్లులన్నీ వార్మప్ అయిన వెంటనే, ఒళ్లు తాజాగా ఉన్నప్పుడు పెట్టండి. మూడో వారం నుంచి చీటీల ఆట చివరికి జరపండి: పది మీటర్ల దూరం ఆరుసార్లు గట్టిగా పరుగెత్తి, వెంటనే చీటీ తీసి ఐదు సెకన్లలో కూతకు. అలసి ఉన్నప్పుడు పూర్తి పట్టు వద్దు, తాకడం వరకే. మోకాళ్లూ మెడలూ దెబ్బతినేది అప్పుడే. పదిహేను నిమిషాలు మించకూడదు. మించితే అందరూ ఒకటే ఎంచుకోవడం మొదలుపెడతారు, ఆపేయాలని అర్థం.

ఇప్పుడు ఫోన్. 2009లో మార్కోరా, ఆయన తోటి పరిశోధకులు కొందరి చేత గంటన్నరసేపు బుర్ర అలసిపోయే కంప్యూటర్ పని చేయించి, తర్వాత సైకిల్ తొక్కించారు. గుండె, కండరాల లెక్కల్లో తేడా రాలేదు. అయినా వాళ్లు ముందే ఆగిపోయారు, అదే శ్రమ వాళ్లకు ఎక్కువగా అనిపించింది. ఆటకు ముందు అరగంట ఫోన్లో సోషల్ మీడియా చూసిన ఫుట్‌బాల్ ఆటగాళ్ల నిర్ణయాలు దెబ్బతిన్నాయని బ్రెజిల్ పరిశోధకులూ చూపించారు. మన పోటీల్లో జరిగేదేమిటి? మీ మ్యాచ్ రాత్రి పదకొండుకో పన్నెండుకో పడుతుంది, అప్పటిదాకా కుర్రాళ్లు ఫ్లడ్‌లైట్ల కింద ఫోన్లలో రీల్స్ తిప్పుతూ కూర్చుంటారు. మ్యాచ్‌కు గంట ముందు ఫోన్లన్నీ ఒక సంచిలో పడాలి. ఇది మీ కిట్టు కంటే ఎక్కువ పనిచేస్తుందని నా నమ్మకం, ఖర్చు ఒక సంచీ.

రాత్రి పోటీలున్న రోజు మధ్యాహ్నం ఇరవై ముప్పై నిమిషాల కునుకు తీయించండి. మామూలు రోజుల్లో ఈ వయసువాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. స్టాన్‌ఫోర్డ్ బాస్కెట్‌బాల్ జట్టు ఆటగాళ్లను ఐదు నుంచి ఏడు వారాలు రోజూ పది గంటలు పక్క మీద ఉండమంటే వాళ్ల పరుగు వేగం, ఫ్రీ త్రోల గురి రెండూ మెరుగయ్యాయని 2011లో ప్రచురించారు. నీళ్లూ అంతే ముఖ్యం. మన తీరప్రాంతపు ఉక్కలో 60 కిలోల కుర్రాడు ప్రాక్టీసులో 1.2 కిలోలు తగ్గాడంటే ఒంటి బరువులో 2 శాతం పోయినట్టు. అక్కడి నుంచి ధ్యాస చెదరడం మొదలవుతుంది. వారానికోసారి ముందూ వెనకా తూచండి. ఉప్పు వేసిన మజ్జిగ, చోడంబలి (రాగి అంబలి) చాలు, రంగు డ్రింకులు అక్కర్లేదు. విరామంలో మొదటి నిమిషం మీరేమీ మాట్లాడకండి, నీళ్లు తాగనివ్వండి. తర్వాత రెండే మాటలు. మూడో మాట ఎవరికీ గుర్తుండదు.

మీ మేనకోడలికి ఈ డ్రిల్లుల్లో ఒక్కటీ పనికిరాదు, ఎందుకంటే బార్ ఎవర్నీ మోసం చేయదు. ఆమెకు కావలసింది నిలకడ. ప్రతి లిఫ్టుకూ ఒకే వరస: సుద్ద, ఊపిరి, పట్టు, ఎదురుగా ఒక స్థిరమైన చోట చూపు, ఒక్క సూచన మాట. ఆ మాట ఒంటి భాగం గురించి కాకుండా పని గురించి ఉంటే మంచిది. 'మోచేయి తిప్పు' కంటే 'బార్‌ను పైకి కొట్టు' బాగా పనిచేస్తుంది. పోటీలో ఆమె పేరు పిలిచాక మామూలుగా నిమిషమే ఉంటుంది, ప్రాక్టీసులో కూడా గడియారం పెట్టి ఎత్తించాలి. అంకెలు కూడా నేర్చుకోవాలి. మీ జిల్లా ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చారు. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గర తేలాయి. క్లీన్ అండ్ జెర్క్‌లో మల్లీశ్వరి ఆఖరి ప్రయత్నం 137.5, అది లేవలేదు. ఎంత బరువు అడగాలన్నది కొన్ని క్షణాల్లో, చుట్టూ గోల మధ్య తేల్చాల్సిన లెక్క. మీ మేనకోడలి చేత ప్రతి శనివారం ఉత్తుత్తి పోటీ స్కోరుబోర్డు మీద ఆ లెక్క చేయించమని ఆమె కోచ్‌కు చెప్పండి.

మీ జట్టుకు వారంలో నాలుగు రోజుల ప్రాక్టీసు ఉంటుందనుకుంటే, పైవన్నీ రోజుకు పాతిక నిమిషాలకు మించవు, అవి ఉన్న సమయంలోంచే తీయాలి. రెండు రోజులు తువ్వాలు డ్రిల్లులు, వీడియో ముక్కలు. రెండు రోజులు చీటీలు. ఆరు వారాలు అలా చేసి, మళ్లీ నాలుగు మ్యాచ్‌ల చివరి ఐదు నిమిషాలు తీసి పాత మూడు గళ్లతో పోల్చండి. ఒక్క మ్యాచ్ గెలిచారనో ఓడారనో తేల్చేయకండి, కనీసం నలభై యాభై కూతలైనా లెక్కలోకి రావాలి. ఎంపిక గడి తగ్గి చూపు గడి అలాగే ఉంటే చీటీలు తగ్గించి తువ్వాళ్లు పెంచండి. సంక్రాంతి పోటీలకు ముందు వారం కొత్త డ్రిల్లు ఏదీ మొదలుపెట్టకండి, చీటీలు కూడా రోజుకు ఐదు చాలు.